చెరువు ఎండితే తలుపులు మూసుకునే తాబేలు

నేల మీద నడిచేదైనా, సముద్రంలో ఈదేదైనా, కుంటలో మునిగి ఉండేదైనా తెలుగులో అన్నీ తాబేళ్ళే. వాటిలో మన వరిమళ్ళలో, కాలువల్లో, ఊరి చెరువుల్లో తరచుగా కనబడేదాన్ని శాస్త్రజ్ఞులు లిస్సెమిస్ పంక్టేటా అంటారు. పంక్టేటా అంటే చుక్కలు గలది అని అర్థం. విచిత్రమేమిటంటే, పసుపు చుక్కలు ప్రస్ఫుటంగా ఉండేది ఉత్తరాదిన గంగా, సింధు మైదానాల తాబేళ్ళకే. దక్షిణాది తాబేలు వీపు చాలావరకు చుక్కల్లేకుండా సాదాగా ఉంటుంది.

ఇది మెత్తటి డిప్ప గల తాబేళ్ళ కుటుంబానికి చెందినది. నక్షత్ర తాబేలు వీపు మీద కనబడే గట్టి కొమ్ముపలకలు దీనికి ఉండవు. ఎముకల గూటిని నేరుగా చర్మమే కప్పి ఉంచుతుంది. దానివల్ల శరీరం చదునుగా మారి ఈతకూ, బురదలోకి దూరడానికీ అనువుగా ఉంటుంది కాని, రక్షణ కొంత తగ్గుతుంది. ఆ లోటును ఈ జాతి తనదైన పద్ధతిలో పూరించుకుంది. దీని పొట్టభాగపు డిప్ప వెనుకవైపున రెండు చర్మపు రెక్కలు ఉంటాయి. వెనుక కాళ్ళను లోపలికి లాక్కోగానే అవి తలుపుల్లా మూసుకుంటాయి. ముందువైపున పొట్టడిప్ప అంచు పైకి లేచి తలనూ ముందుకాళ్ళనూ దాచేస్తుంది. కూర్మం అంగాలను ముడుచుకున్నట్టు అనే పాత పోలికకు ఇంతకన్నా తగిన తాబేలు మన నీళ్ళలో మరొకటి లేదని నాకనిపిస్తుంది.

మన చెరువుల్లో చాలావాటికి ఏడాది పొడవునా నీళ్ళుండవు. వానలకు నిండి, వేసవికి అడుగంటుతాయి. పెద్ద నదులను నమ్ముకున్న తాబేళ్ళకు ఇక్కడ బతుకు సాగదు. ఈ తాబేలు మాత్రం నీరు తగ్గేకొద్దీ బురదలోకి దిగి, కదలిక మానేసి, ఒంట్లో జరిగే పనులన్నిటినీ మందగింపజేసి, నిల్వ ఉన్న కొవ్వును పొదుపుగా వాడుకుంటూ వాన కోసం కాచుకుంటుంది. కొన్నిసార్లు నేల మీద నడిచి వేరే నీటిని వెతుక్కుంటుంది.

గుడ్ల విషయం మరింత ఆశ్చర్యకరమైనది. ఆడ తాబేలు గట్టు మట్టిని తవ్వి, ఒక విడతలో రెండు మొదలు పదహారు వరకు గుండ్రటి, పెళుసైన పెంకు గల గుడ్లను పెడుతుంది. లోపలి పిండం కొంతకాలం ఎదుగుదలను ఆపుకొని ఉండిపోతుంది కాబట్టి, పిల్లలు బయటికి రావడానికి తొమ్మిది నెలల దాకా పట్టవచ్చు. తొందరపడి పుట్టిన పిల్లకు ఎండిన కుంటే ఎదురవుతుంది; ఆగి పుట్టిన పిల్లకు వానాకాలపు నీళ్ళు దొరుకుతాయి. ఈ వింత పిండాభివృద్ధిని గమనించి 1983లో రాసినవారిలో మద్రాసు మొసళ్ళ కేంద్రంలో పనిచేసిన జె. విజయ ఒకరు. చిన్న వయసులోనే, 1987లో ఆమె మరణించారు. పడమటి కనుమల అడవుల్లో ఉండే ఒక తాబేలు ప్రజాతికి 2006లో విజయకెలిస్ అని ఆమె పేరే పెట్టారు.

తిండి దగ్గర దీనికి పట్టింపులు లేవు. కప్పలు, చేపలు, నత్తలు, దోమ పిల్లలు, నీటి మొక్కలు, చచ్చిన జంతువుల మాంసం అన్నీ తింటుంది. చెరువును శుభ్రం చేసే ఈ పనికి మనం లెక్క కట్టలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో చేర్చింది. పట్టినా, అమ్మినా నేరమే. అయినా మాంసం కోసం వేట ఆగలేదు. 2017 జనవరిలో ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లాలో పోలీసులు ఒకేసారి ఆరు వేలకు పైగా బతికున్న తాబేళ్ళను పట్టుకున్నారు. వాటిలో అత్యధికం ఈ జాతివే. నక్కకు తెరుచుకోని ఆ తలుపులు గోనెసంచికి ఏపాటి అడ్డు? వేటతో సంబంధం లేని ప్రమాదం కూడా ఒకటుంది. చెరువులో పూడిక తీయడం అవసరమైన పనే కాని, అది జరిగేది సరిగ్గా వేసవిలో, తాబేలు బురదలో నిశ్చలంగా ఉండే నెలల్లోనే. తవ్వే యంత్రం ముందు ఒక మనిషి నడుస్తూ, బయటపడిన తాబేళ్ళను ఏరి దగ్గరలో నీరున్న కుంటకు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.