వేలికి తెలిసే వెంట్రుకవాసి

బైకుకు బ్రేక్ పట్టగానే లివర్ వేళ్లను వెనక్కి తంతోందట. చక్రంతోపాటు తిరిగే బ్రేక్ పళ్లెం, అంటే డిస్కు, వంకరపోయిందని మెకానిక్ అన్నాడట. లేత్ మీద చెక్కిస్తే సరిపోతుందా అని ఒక పాఠకుడు అడిగారు. ఆ ‘వంకర’ దగ్గరే నాకు పేచీ.

వంకర డిస్కు అటూ ఇటూ ఊగుతుంది. పిస్టన్లతో ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్, పిన్నుల మీద అటూ ఇటూ జరిగే రకమైతే అదీ దానితోపాటే ఊగుతుంది, లివర్‌కు ఆ సంగతి పెద్దగా తెలియదు. వేలిని తన్నేది మందంలో తేడా. డిస్కు ఒకచోట 4.50 మి.మీ., ఇంకోచోట 4.52 ఉందనుకోండి. తేడా వెంట్రుకలో సగం కూడా లేదు. ఆ మందపు చోటు ప్యాడ్ల మధ్యకు రాగానే పిస్టన్లు 0.02 వెనక్కి జరిగి ఆయిల్‌ను పైకి తోస్తాయి. కింద కాలిపర్‌లో 30 మి.మీ. వ్యాసం పిస్టన్లు రెండు, పైన లివర్ నొక్కే మాస్టర్ సిలిండర్‌లో 12.7 మి.మీ.ది ఒకటి అనుకుంటే వైశాల్యం సుమారు 11 రెట్లు. కాబట్టి పైన కదలిక 0.22. లివర్ దాన్ని ఇంకో ఐదింతలు చేస్తుంది. వేలి దగ్గరకొచ్చేసరికి 1.1 మి.మీ.! గొట్టం సాగి కొంత మింగేసినా మిగిలింది చాలు. చక్రం చుట్టుకొలత 2 మీటర్లయితే, గంటకు 36 కి.మీ. వేగంలో సెకనుకు ఐదు తన్నులు. పాస్కల్ సూత్రమంటే బళ్లో చిన్న బలంతో కారు లేపే బొమ్మ గీయిస్తారు. ఆ యంత్రాన్నే తిరగేస్తే కదలిక పెరుగుతుందని చెప్పిన మాస్టారు నాకైతే తగల్లేదు.

అలాగని వంకరది తప్పేం లేదని కాదు. ఊగే డిస్కు, బ్రేక్ వదిలేసినా, ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడ్‌ను రాసుకుని అక్కడే పలచబడుతుంది. మందం తేడా పుట్టేది అలా.

ఇక చెక్కించడం. బైకు డిస్కు పలచన, పైగా నిండా కన్నాలు. లేత్ టూల్ కింద అదురుతుంది. రాయితో అరగదీసే గ్రైండింగే మేలు. అక్కడా ఒక తమాషా ఉంది. అయస్కాంతపు బల్ల వంకర డిస్కును లాగి చదునుగా పట్టుకుంటుంది, రాయి నున్నగా అరగదీస్తుంది, అయస్కాంతం ఆపగానే డిస్కు మళ్లీ వంకర! మందం సమమైంది, ఊగడం పోలేదు.

అందుకే ముందు కొలవండి. వెర్నియర్ దవడలు అరగని అంచు మీద కూర్చుని ఎక్కువ చూపిస్తాయి. మైక్రోమీటర్‌ను అంచు దాటి ప్యాడ్ రాసుకునే చోట పెట్టి చుట్టూ ఆరేడు చోట్ల చూడాలి. కనిష్ఠ మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది. గ్రైండింగ్ తర్వాత దానికి దిగువకు పోయేట్టుంటే కొత్తది వేయించాల్సిందే. 4.5 నుంచి 4కు దిగితే లోహం తొమ్మిదో వంతు పోయినట్టు, అదే బ్రేకుకు డిస్కు సుమారు ఎనిమిదో వంతు ఎక్కువ కాగుతుంది.

ఊగడం ఎంతో డయల్ గేజ్, అంటే ముల్లుతో చూపించే కొలత పరికరం, చెబుతుంది. చాలా సర్వీస్ మాన్యువళ్లలో హద్దు 0.3 మి.మీ. ముల్లు అది దాటితే డిస్కు విప్పి, దాన్ని హబ్ (చక్రం నడిమి భాగం) మీద బిగించే చోటు చూడండి. ఒక్కోసారి అక్కడ ఇరుక్కున్న తుప్పు పెచ్చే ఆ ‘వంకర’.