తన వెలుగే తనకు చేటు

తిరుపతిలో ఇప్పుడు కొత్త ఇంటికి గేటు చేయించాలంటే డిజైన్ ఫోన్లోనే ఎంచుకోవచ్చు. శంఖం, చక్రం, మధ్యలో నామాలు, ఏది కావాలన్నా ఇనుప షీటు మీద ఫైబర్ లేజర్ మిషన్ గీత తప్పకుండా కోసేస్తుంది. ఫైబర్ అంటే వెలుగును మోసే సన్నని గాజు తీగ. ఆ ఫైబర్‌కు శక్తినిచ్చేవి మాత్రం మిషన్ లోపల వరసగా బిగించిన సెమీకండక్టర్ లేజర్లు, అంటే లేజర్ డయోడ్లు. 915 లేదా 976 నానోమీటర్ల దగ్గర, కంటికి కనపడని వెలుగును ఇవి ఫైబర్‌లోకి తోస్తాయి. లెన్సు శుభ్రంగానే ఉంది, అయినా నిన్నమొన్నటిదాకా తెగిన మందం ఇప్పుడు తెగడం లేదంటే అనుమానించాల్సిన వాటిలో ఈ డయోడ్లు ముందుంటాయి.

ఒక డయోడ్‌ను దగ్గరగా చూద్దాం. గాలియం ఆర్సెనైడ్ స్ఫటికపు ముక్క, పొడవు కొన్ని మిల్లీమీటర్లే. వెలుగు బయటికొచ్చే అంచు సుమారు 100 మైక్రాన్ల వెడల్పు, ఒక మైక్రాన్ ఎత్తు. అంత సందులోంచి 10 వాట్లు వస్తున్నాయంటే చదరపు సెంటీమీటరుకు కోటి వాట్ల లెక్క! స్ఫటికం అక్కడితో ఆగిపోతుంది కాబట్టి చివరి వరస పరమాణువులకు అవతల జతకట్టడానికి ఏమీ ఉండదు. గాలి తగిలితే ఆక్సిజన్ పట్టేస్తుంది, పొరల్లో అల్యూమినియం ఉంటే మరీను. అలా చెడిన చోట కొంత వెలుగు బయటపడకుండా వేడిగా మారుతుంది. వేడెక్కితే బ్యాండ్ గ్యాప్, అంటే వెలుగును మింగడానికి స్ఫటికానికి కావాల్సిన కనీస శక్తి, తగ్గుతుంది, తగ్గితే ఇంకాస్త వెలుగును మింగుతుంది, మింగితే ఇంకా వేడి. ఈ చక్రం ఒకసారి అదుపు తప్పిందంటే మైక్రోసెకన్లలోనే ఆ చోటు 1238 డిగ్రీలు దాటి కరిగిపోతుంది. తయారీలో ఆ అంచును గాలి తగలకుండా కాపాడి, పైన పూతలు వేసేది ఇందుకే.

ఇది ఉన్నట్టుండి వచ్చే చావు. నిదానంగా వచ్చేదాన్ని కనిపెట్టడం ఇంకా కష్టం. 1970లో సోవియట్ యూనియన్‌లోని లెనిన్‌గ్రాడ్‌లో శాస్త్రవేత్త అల్ఫెరోవ్ బృందం, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో హయాషి, పానిష్ గది ఉష్ణోగ్రతలో ఆగకుండా వెలిగే డయోడ్ లేజర్లు సాధించారు. కానీ ఆ తొలి లేజర్లకు ఆయుష్షు బొత్తిగా తక్కువ. స్ఫటికంలో ఎక్కడో ఒక పరమాణువుల వరస తప్పుతుంది. వెలుగు కావాల్సిన శక్తి అక్కడ పరమాణువులను కదిలించడానికి ఖర్చవుతుంది, దాంతో లోపం మరింత పాకుతుంది. సూక్ష్మదర్శినిలో అది నల్లటి గీతలా కనిపిస్తుంది. వెలుగు పుట్టే పొరలో ఇండియం కలిపితే ఆ పాకుడు బాగా నెమ్మదిస్తుందని తర్వాత తేలింది.

ఇక చిప్‌ను అతికించే టంకం సంగతి. ఇచ్చిన కరెంటులో దాదాపు సగం వేడిగా పోతుంది, ఆ వేడిని కింద ఉన్న రాగి లాగేయాలి. రాగి వ్యాకోచం గాలియం ఆర్సెనైడ్‌కు సుమారు మూడు రెట్లు. ఆన్ చేసిన ప్రతిసారీ, ఆపిన ప్రతిసారీ రెండింటి మధ్య గుంజులాట తప్పదు. మెత్తని ఇండియం టంకం ఆ లాగుళ్లకు కొంచెం కొంచెంగా జరిగి ఖాళీలు పడుతుంది, ఖాళీ పడిన చోట వేడి నిలిచిపోతుంది. అందుకే చాలామంది తయారీదారులు బంగారం-తగరం టంకానికి మారారు. దాని కింద రాగి-టంగ్‌స్టన్ పలక వేస్తారు, దాని వ్యాకోచం చిప్‌కు దగ్గరగా ఉంటుంది.

మిషన్ పోతే మనవాళ్లు మొదట కరెంటోళ్లను తిడతారు. ఓల్టేజీ దెబ్బ ఉండదని కాదు, కానీ నా అనుమానం ముందు చిల్లర్ మీదికే, అంటే డయోడ్లను చల్లబరిచే నీళ్ల యంత్రం మీదికే పోతుంది. మే నెలలో ఊరు 40 డిగ్రీలు దాటినప్పుడు దాని ఫిల్టర్‌కు దుమ్ము పట్టి ఉంటే డయోడ్లు మామూలుకన్నా వేడిగా నడుస్తాయి, వేడి పెరిగేకొద్దీ అరుగుదల వేగం పెరుగుతుంది. పోనీ ఎందుకైనా మంచిదని నీళ్లను మరీ చల్లగా పెడితే, అక్టోబరు, నవంబరు వానల్లో తేమ గాలి ఆ చల్లని భాగాల మీద చెమర్చి డయోడ్ల మీదా అద్దాల మీదా నీటి బొట్లు చేరతాయి. వానాకాలంలో నీటి ఉష్ణోగ్రతను మంచుబిందు స్థాయికి, అంటే గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రతకు, కాస్త పైనే ఉంచుకోవాలి, ఏసీ గదిలో పెట్టిన మిషన్ అయితే తలుపు మూసే ఉంచాలి.