పాటకు కాదు, బొమ్మలకే ఆ బరువు

కడప

పిల్లలూ, ఆశీస్సులు.

పాటల యాప్ తెరిస్తే చాలు ల్యాప్‌టాప్ ఫ్యాన్ గుయ్యిమంటోందని, పక్కన పెట్టుకున్న ఆన్‌లైన్ క్లాసు ఆగి ఆగి వస్తోందని ఫోన్‌లో చెప్పారు కదా. పాట క్వాలిటీ తగ్గిస్తే సరిపోతుందా అని కూడా అడిగారు. కొత్త ల్యాప్‌టాప్ కొనిపెట్టమని మీ నాయనను అడిగే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదవండి.

క్వాలిటీ తగ్గిస్తే ప్రాసెసర్‌కు, అంటే ల్యాప్‌టాప్‌లో లెక్కలన్నీ చేసే చిప్‌కు, ఒరిగేదేమీ ఉండదు. 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) పాటకు నిమిషానికి దాదాపు 2.4 ఎంబీ ఖర్చవుతుంది, 96కు తగ్గిస్తే 0.7 ఎంబీ. మిగిలేది డేటా మాత్రమే. పాటను విప్పి స్పీకర్‌కు పంపడం చాలా చిన్న పని. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ ప్రాసెసర్ వేగం 100 మెగాహెర్ట్జ్ కూడా లేదు, అయినా ఎంపీ3 పాటలు చక్కగా పాడింది. మీ ల్యాప్‌టాప్ వేగం గిగాహెర్ట్జ్‌లలో ఉంటుంది.

మరి బరువెక్కడిది? తెర మీద బొమ్మలు గీయడంలో. ఇలాంటి యాప్‌లలో చాలావాటి లోపల ఉండేది బ్రౌజరే. స్పాటిఫై డెస్క్‌టాప్ యాప్‌నూ క్రోమ్‌కు మూలమైన క్రోమియంతోనే కట్టారు. ఆల్బమ్ బొమ్మలు, పాటతో పాటు జరిగే లిరిక్స్, పక్కన తిరిగి తిరిగి ఆడే చిన్న వీడియో, అన్నీ వెబ్ పేజీలాగే గీయాలి. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. కదిలే బొమ్మ ఉన్నంతసేపు ఆ పనికి తెరిపి ఉండదు.

నేను చెప్పానని నమ్మొద్దు, మీరే చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పాట ఆడుతుండగా యాప్ ఎదురుగా సీపీయూ, అంటే ప్రాసెసర్ వాడకం, ఎంత శాతం ఉందో రాసుకోండి. తర్వాత యాప్‌ను మినిమైజ్ చేసి, కాసేపాగి మళ్లీ చూడండి. పాట ఆగకుండానే అంకె బాగా పడిపోయిందంటే తినేది బొమ్మలేనని తేలిపోయినట్టే. 25 శాతమే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, నాలుగు కోర్లు, అంటే విడివిడిగా పనిచేసే నాలుగు భాగాలు, ఉన్న ప్రాసెసర్‌లో అది ఒక కోర్ మొత్తంతో సమానం. ఇంకా లోపలికి వెళ్లాలని ఉంటే, టాస్క్ మేనేజర్‌లోనే డీటెయిల్స్ అనే చోట పై వరుస మీద రైట్ క్లిక్ చేసి కమాండ్ లైన్ కాలమ్ తెచ్చుకోండి. ఒకే పేరుతో నాలుగైదు ప్రాసెస్‌లు కనిపిస్తాయి. జీపీయూ ప్రాసెస్ అని ఉన్నది గ్రాఫిక్స్ చూస్తుంది, రెండరర్ అని ఉన్నది పేజీని తయారుచేస్తుంది. పాపకు ఇది తప్పకుండా నచ్చుతుంది.

ఇప్పుడు మందు. యాప్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే గీసే పని గ్రాఫిక్స్ చిప్‌కు వెళుతుంది, ఆఫ్ చేస్తే ప్రాసెసర్ నెత్తినే పడుతుంది. కాబట్టి మామూలుగా ఆన్‌లోనే ఉండాలి. కానీ పాత ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) సరిగా లేకపోతే ఆఫ్ చేసినప్పుడే హాయిగా నడవొచ్చు. ముందు డ్రైవర్ అప్‌డేట్ చేసి, రెండు విధాలా పెట్టి అంకెలు పోల్చుకోండి. మార్చిన ప్రతిసారీ యాప్‌ను పూర్తిగా మూసి తెరవాలి. ఇంటూ గుర్తు నొక్కితే అది గడియారం పక్కన దాక్కుని ఉండొచ్చు, అక్కడ రైట్ క్లిక్ చేసి క్విట్ కొట్టండి.

కదిలే వీడియోలు, పక్క ప్యానెల్, లిరిక్స్ ఆపేయండి. చదువుకుంటూ వినేటప్పుడు వాటితో పనేముంది? కంప్యూటర్ ఆన్ చేయగానే యాప్ దానంతటదే తెరుచుకోవడం కూడా ఆపండి.

ఎండ సంగతి మరవొద్దు. మే నెలలో మీ ప్రొద్దుటూరులోనూ ఇక్కడా 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్యాన్ లోపలికి లాక్కునేది ఆ వేడి గాలినే. వేడి మరీ ఎక్కువైతే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు అంతకుముందు చిన్నదైన పనే పెద్దదవుతుంది, క్లాసు తడబడుతుంది. చిన్నోడు పరుపు మీద పెట్టుకుని పని చేస్తాడు, గాలి సందులు మూసుకుపోతాయి. బల్ల మీద పెట్టుకోమనండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి. డౌన్‌లోడ్ చేసుకున్న పాటలన్నీ పోతాయి, మళ్లీ దించుకోవాలి, కాబట్టి వైఫై బాగున్న రోజు చూసుకుని చేయండి.

ఇట్లు
మీ చిన్నాయన