పద్దెనిమిది నిండాక యాడికి?

తిరుపతిలో బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లల తల్లులు నలుగురు ఒకచోట కూర్చుంటే మాట తిరిగి తిరిగి ఒక ప్రశ్న దగ్గరికే వస్తుంది. "పద్దెనిమిది నిండింది, బడి అయిపోయింది. ఇంక వీడ్ని యాడికి పంపేది?" వైకల్యం ఉన్న పిల్లలకు చట్టం ఇచ్చిన ఉచిత చదువు హక్కు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకే. ఆపైన ఏమిటన్నది ఎన్నో ఇళ్లలో తేలని లెక్క. అలాగని వికలాంగుల్ని పట్టించుకోని ఊరు కాదిది. టీటీడీ ఇక్కడ బధిరుల పాఠశాలను, వికలాంగుల శిక్షణ కేంద్రాన్ని నడుపుతోంది. మరి ఈ పిల్లలు ఎందుకు మిగిలిపోయారో తెలియాలంటే పోలియో రోజులకు వెళ్లాలి.

అప్పట్లో వికలాంగుడంటే అందరి కళ్ల ముందు మెదిలేది కాలు సన్నబడిన పిల్లవాడు. వికలాంగులకు వృత్తి పునరావాస కేంద్రాలను కేంద్ర కార్మిక శాఖ 1968లో మొదలుపెట్టింది. మొదటి రెండింటిలో ఒకటి హైదరాబాద్‌కు, ఒకటి బొంబాయికి దక్కాయి. 1977లో కేంద్రం కింది స్థాయి ఉద్యోగాల్లో మూడు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 1981ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా జరిపింది, మన రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ పుట్టిందీ ఆ ఏడాదే. తిరుపతిలో టీటీడీ నడిపే ఎముకల ఆసుపత్రి బర్డ్ 1980ల నుంచి పోలియో కాళ్లకు ఆపరేషన్లు చేసి ఎందరినో నిలబెట్టింది. కాలు కదలకపోయినా చేతులు ఆడతాయి, బుర్ర పనిచేస్తుంది. అందుకే కూర్చుని చేసే పనులు ఎంచారు: కుట్టుపని, టైపు, పుస్తకాల బైండింగు, రేడియో రిపేరు. ఆ రోజులకు అది సరైన ఆలోచనే. ఎన్నో కుటుంబాలు వాటితోనే గట్టెక్కాయి.

మేధో వైకల్యం, అంటే బుద్ధిమాంద్యం, ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. వీళ్ల కోసమే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ 1984లో వచ్చింది. ఆ తర్వాత పదకొండేళ్లకు, 1995లో, వికలాంగుల చట్టం వచ్చింది. అందులోని ఏడు రకాల వైకల్యాల్లో బుద్ధిమాంద్యం ఉంది. మూడు శాతం ఉద్యోగాలను మాత్రం చూపు లేనివాళ్లకు, వినికిడి లేనివాళ్లకు, కాళ్లూ చేతుల వైకల్యం ఉన్నవాళ్లకు ఒక్కో శాతం చొప్పున పంచేశారు. వీళ్లకు ఏమీ మిగల్లేదు.

ఈలోగా పోలియో పోయింది. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, పోలియో రహితమన్న ధ్రువీకరణ 2014 మార్చిలో. శిక్షణ కోసం తలుపు తట్టేవాళ్లు మారిపోయారు. సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒళ్లు స్వాధీనంలో లేకపోవడం), ఆటిజం, మేధో వైకల్యం ఉన్న యువతీ యువకులు ముందుకొచ్చారు. వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అంటూ కాగితాల మీద పేరు మారుతూ వచ్చింది. నేర్పే తీరు మారడానికి అంత తొందర కనబడలేదు. నా బాధంతా అక్కడే.

2016 చట్టం ఏడు రకాలను ఇరవై ఒకటి చేసింది, ఉద్యోగాల్లో నాలుగు శాతం ఇచ్చింది. ఆ నాలుగో శాతంలో మేధో వైకల్యానికి, ఆటిజానికి, మానసిక అనారోగ్యానికి కూడా చోటు దొరికింది. వీళ్లకు మార్కెట్‌తో ముడిపడిన ప్రత్యేక వృత్తి శిక్షణ ఉండాలని పందొమ్మిదో సెక్షన్ చెబుతోంది. ఐటీఐకి వెళ్దామంటే ఎనిమిదో, పదో పాసై ఉండాలి. ఆ గడప దగ్గరే చాలామంది ఆగిపోతారు.

వీళ్లకు నేర్పే పద్ధతి వేరు. ముందు నేర్పి తర్వాత పని వెతకడం వీళ్ల దగ్గర అంతగా కుదరదు, శిక్షణ గదిలో వచ్చిన పని కొత్త చోట రాకపోవచ్చు. నేరుగా పనిలో పెట్టి, పక్కన ఒక మనిషి నిలబడి నేర్పుతూ, మెల్లగా తప్పుకోవాలి. పనిని ముక్కలు చేయాలి. లాడ్జిలో దుప్పటి మడవడాన్నే తీసుకోండి. రెండు కొసలు కలపడం ఒక పాఠం, సగానికి మడవడం ఇంకో పాఠం. అగరబత్తి కట్టకు ఇరవై పుల్లలు లెక్కపెట్టడం రాదా? చెక్కపలక మీద ఇరవై గాళ్లు చెక్కి ఇవ్వండి. గాడికో పుల్ల పెడతాడు, గాళ్లన్నీ నిండితే ఇరవై అయినట్టే. వాడు కట్టిన కట్టలో తప్పు వెతకలేరు. యాత్రికులతో బతికే తిరుపతిలో ఇలాంటి పనులకు కొదవ లేదు. లాడ్జీలున్నాయి, పూలదండల అంగళ్లున్నాయి, చిత్తూరు వైపు మామిడి తాండ్ర ప్యాకింగు ఉంది.

ఇళ్లలో ఇంకో భయం ఉంది. 2024 జూలైలో రాష్ట్రం వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలకు పెంచింది. పనికి పంపితే అది పోతుందేమోనని తల్లిదండ్రులు వెనకాడతారు. వాళ్లను తప్పుపట్టలేం, నెలనెలా కచ్చితంగా చేతికొచ్చేది అదొక్కటే. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయ్యాక జిల్లా కార్యాలయాల కోసం చిత్తూరు దాకా పోయే శ్రమ తప్పింది. రోజూ శిక్షణకు పోవాలంటే మాత్రం తోడు కావాల్సిందే. ఆ తోడు, పక్కన నిలబడి నేర్పే ఆ మనిషి, ఇప్పుడు చాలా ఇళ్లలో అమ్మే. ఆమె కూలికి పోయిన రోజు వాడి పాఠం ఆగిపోతుంది.