కనిపించని చార: బాల్ పైథాన్ పెంపకంలో ‘హెట్’ తగాదాల నేపథ్యం

బాల్ పైథాన్ల క్రయవిక్రయాల్లో తగాదాలు ఎక్కువగా పుట్టేది చూపుకు మామూలుగా ఉండే పాము పిల్లల దగ్గరే. నల్లటి ఒంటిమీద గోధుమరంగు పొడలతో, తోటి పిల్లలకూ తనకూ ఏ తేడా లేని ఒక పిల్లను ‘జెనెటిక్ స్ట్రైప్‌కు హెట్’ అని చెప్పి అధిక ధరకు అమ్ముతారు. చార రప్పించే జన్యువు దాని ఒంట్లో ఒక ప్రతిగా దాగి ఉందని ఆ మాటకు అర్థం. అది నిజమో కాదో కొన్నవారికి తేలడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, అప్పటికి అమ్మినవారు ఆ వ్యాపారంలోనే ఉండకపోవచ్చు. ఈ పరిస్థితి ఎలా ఏర్పడిందో అర్థం కావాలంటే ఆ పాము ఎక్కడిదో, ఆ చార ఎలా బయటపడిందో చూడాలి.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని గడ్డిమైదానాల్లోనూ సాగుభూముల్లోనూ ఎలుకల బొరియలను, చెదపుట్టలను ఆశ్రయించి బతికే చిన్న కొండచిలువ. సాధారణంగా మీటరు నుంచి మీటరున్నర పొడవు పెరుగుతుంది. బెదిరినప్పుడు తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది కనుక అమెరికాలో దానికి ఆ పేరు వచ్చింది, బ్రిటన్‌లో మాత్రం రాయల్ పైథాన్ అంటారు. బెనిన్‌లోని విదా పట్టణంలో ఈ పాములకు గుడే ఉంది, అక్కడ వాటిని చంపడం మహాపాపం. అదే బెనిన్ నుంచీ, పొరుగున ఉన్న టోగో, ఘానాల నుంచీ 1975 తర్వాత 30 లక్షలకు పైగా బాల్ పైథాన్లు ప్రాణంతో ఎగుమతి అయ్యాయి. గుడ్లు పెట్టే కాలంలో బొరియలు తవ్వి చూలు పాములను పట్టి తెస్తారు, ఫారాల్లో అవి పెట్టిన గుడ్లను పొదిగించి పిల్లలను విదేశాలకు పంపుతారు. కొన్ని పిల్లలనూ, తల్లులనూ తిరిగి అడవిలో వదలాలన్న నిబంధన ఉంది కానీ, వదిలినవి ఆ తర్వాత ఎంతవరకు బతుకుతున్నాయన్నది నిబంధనలు రాసినవారు పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించదు.

లక్షల పాములు మనుషుల చేతుల మీదుగా పోతున్నప్పుడు వాటిలో వింత రంగులవీ, వింత పొడలవీ అరుదుగానైనా కంటబడక తప్పదు. అలా దొరికిన ఒక తెల్లపాము, అంటే ఆల్బినో, లక్షణం వంశపారంపర్యంగా వస్తుందని 1992లో అమెరికన్ పెంపకందారు బాబ్ క్లార్క్ పిల్లలను పుట్టించి చూపించాడు. ఒక్క పామును తెచ్చి తరాల పాటు దాని లక్షణాన్ని నిలబెట్టవచ్చని తేలడంతో ఎగుమతి ఫారాల్లో ఏ వింత పిల్ల పుట్టినా దాని ధర ఒక్కసారిగా పెరిగిపోయింది. ఆ దశాబ్దం ముగిసేలోపు పైబాల్డ్, క్లౌన్, అక్జాంథిక్ వంటి మార్ఫ్‌లు, అంటే వంశపారంపర్యంగా వచ్చే రంగు, పొడల రకాలు, వరుసగా రుజువయ్యాయి. జెనెటిక్ స్ట్రైప్‌ను 1999లో రాల్ఫ్ డేవిస్ రుజువు చేశాడు.

ఈ మార్ఫ్‌లో మెడ నుంచి తోక దాకా వెన్ను పొడవునా పసుపు చార ఒకటి సాగుతుంది, దానికి రెండు వైపులా ముదురు గోధుమ అంచు ఉంటుంది. పక్కల మీద ఉండాల్సిన పొడలు చాలావరకు చెరిగిపోయి తేనెరంగు మిగులుతుంది. కొన్నింటిలో చార నడుమ తెగి, మళ్లీ మొదలవుతుంది. అయితే చార ఉన్న ప్రతి పామూ జెనెటిక్ స్ట్రైప్ కాదు. గుడ్లు పొదిగేటప్పుడు ఇంక్యుబేటర్‌లో వేడి అటూ ఇటూ అయితే మామూలు జన్యువులున్న పిల్లలకు కూడా పొడలు కలిసిపోయి చారలు పడతాయి. అటువంటి పాములను గొప్ప ధర పెట్టి కొని, ఏళ్ల తరబడి పెంచి, చివరికి మామూలు పిల్లలను చూసి ఉసూరుమన్నవారు ఆ రోజుల్లో తక్కువేమీ కాదు. సంకరణ ద్వారా రుజువయ్యేదాకా చారను నమ్మకూడదన్న పట్టింపు పెంపకందారుల్లో అలా స్థిరపడింది.

ఆ రుజువు నెమ్మదిగా జరిగేది. పాస్టెల్ వంటి మార్ఫ్‌లు ఒక్క ప్రతితోనే కనబడతాయి కనుక మొదటి తరంలోనే సంగతి తేలిపోతుంది. జెనెటిక్ స్ట్రైప్ అంతర్గత లక్షణం, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులూ అందితేనే చార వస్తుంది. చారల పామును మామూలు పాముతో కలిపితే పుట్టిన పిల్లలన్నీ మామూలుగానే కనిపిస్తాయి, కానీ అన్నీ విషమయుగ్మజాలే, అంటే హెట్‌లే. వాటిలో ఆడవి గుడ్లు పెట్టే వయసుకు, సుమారు 1,500 గ్రాముల బరువుకు, వచ్చేసరికి దాదాపు మూడేళ్లు పడుతుంది. అప్పుడు వాటిని తిరిగి చారల తండ్రితోనే జతకట్టిస్తారు. అంటే, ఈ వ్యాపారం పుట్టుకే దగ్గరి రక్తసంబంధపు సంకరణ మీద ఆధారపడి ఉంది.

బాల్ పైథాన్ ఒక విడతలో పెట్టేది సగటున ఆరు గుడ్లు మాత్రమే, పైగా ప్రతి ఏడూ పెట్టదు. రెండు హెట్‌లను కలిపితే నాలుగింట ఒక వంతు పిల్లలకు చార రావాలని మెండెల్ లెక్క. ఆరు గుడ్లలో ఒక్కదానికీ రాకపోవడానికి ఇంచుమించు 18 శాతం అవకాశం ఉంది. చార రాని పిల్లల్లో మూడింట రెండు వంతులు హెట్‌లు అయి ఉంటాయి, కానీ ఏవి అవునో ఏవి కాదో చూసి చెప్పలేం. వాటినే ‘66 శాతం పాసిబుల్ హెట్’ అని అమ్ముతారు. హెట్‌ను మామూలు పాముతో కలిపినప్పుడు పుట్టేవి ‘50 శాతం’వి. ఆ శాతం మొత్తం పిల్లల మీద వర్తించే సంభావ్యత మాత్రమే అయినా, కొనేవారిలో చాలామంది తమ చేతిలోని పాములో అంత భాగం చార జన్యువు ఉందన్నట్టు అర్థం చేసుకుంటారు. అమ్మేవారు ఆ అపోహను తొలగించడానికి తొందరపడకపోవడమే ఈ తగాదాలకు అసలు మూలమని నా అభిప్రాయం.

అనుమానం తీర్చుకునే పాత పద్ధతి, ఆ పామును చారల పాముతో కలపడం. హెట్ అయితే పిల్లల్లో సగానికి చార రావాలి. ఆరు పిల్లలూ మామూలుగా పుడితే అది హెట్ అయి ఉండే ఆశ బాగా సన్నగిల్లుతుంది, ఎందుకంటే హెట్‌కు అలా జరగడం 64లో ఒక వంతు మాత్రమే. ఇక తండ్రి ఎవరన్నది కూడా కొన్నిసార్లు పేచీలో పడుతుంది. ఆడ బాల్ పైథాన్ వీర్యాన్ని చాలాకాలం నిల్వ ఉంచుకోగలదు. సెయింట్ లూయిస్ జూలో 2020లో అరవయ్యేళ్లు దాటిన ఆడ పాము, పదిహేనేళ్లకు పైగా మగ తోడు లేకుండానే, ఏడు గుడ్లు పెట్టి అక్కడివారినే ఆశ్చర్యపరిచింది.

ఇటీవల ఈ వ్యవహారంలోకి కుబుసం వచ్చి చేరింది. ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెంపకందారులు పంపిన కుబుసాల నుంచి డీఎన్ఏ తీసి, ఆల్బినో లక్షణానికి కారణం టైరోసినేజ్ జన్యువులోని మార్పులని 2022లో ప్రచురించారు. దాంతో పాటే కొన్ని అంతర్గత మార్ఫ్‌లకు కుబుసం ముక్కతో హెట్ పరీక్ష చేసే ప్రయోగశాలలు అమెరికాలో వెలిశాయి. పరీక్ష ఉన్న మార్ఫ్‌లలో ‘పాసిబుల్ హెట్’ అన్న మాటకు విలువ తగ్గుతోంది, మిగతావాటిలో అమ్మినవారి రికార్డులే ఇప్పటికీ దిక్కు.

మన దేశంలో ఈ పాము 2022 సవరణ తర్వాత వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూలు కిందికి వచ్చింది. దాన్ని దగ్గర ఉంచుకోవడం, మరొకరికి ఇవ్వడం, పిల్లలు పుట్టడం, చనిపోవడం అన్నీ తెలియజేయాల్సిందే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఇది తెలుగు రాష్ట్రాల పెంపకందారులకూ వర్తిస్తుంది. ఇంతలో బ్యాంకాక్ నుంచి చెన్నైకి వచ్చే విమానాల్లో, ప్రయాణికుల సామానులో, గుడ్డ సంచుల్లో కట్టిన బాల్ పైథాన్లు కస్టమ్స్‌వారికి దొరుకుతూనే ఉన్నాయి. అలా దొంగదారిన వచ్చిన పాముకు తల్లిదండ్రులెవరో చెప్పే కాగితం ఉండదు కనుక, దాన్ని ‘హెట్’ అని ఎవరైనా అమ్మజూపితే ఆ మాటను ధరలో కలుపుకోవడానికి ఏ కారణమూ లేదు.