ఊయలకు ఎంత చూరు కావాలి?

ఆ రాత్రి జడివాన కురిసినంతసేపూ హాయిగా నిద్రపోయాను. తెల్లవారుజామున పడిన తుంపరకు తడిసి ముద్దయ్యాను. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో, అట్లాంటా నుంచి నాలుగు గంటల కారు ప్రయాణంలో ఉన్న గ్రేట్ స్మోకీ పర్వతాల్లో, రెండు చెట్ల మధ్య ఊయల కట్టుకుని పడుకున్న మొదటి రాత్రి అది. ఆ కొండల దిగువ లోయల్లో ఏడాదికి దాదాపు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. శిఖరాల మీదైతే 2,100 దాటుతుంది. అలాంటి చోటికి వెళుతూ నేను పైకప్పుగా తీసుకెళ్లింది 2.4 మీటర్ల చదరపు టార్ప్. చవకగా దొరికిందని మురిసిపోయాను కూడా.

టార్ప్ అంటే కొత్త వస్తువేమీ కాదు. కళ్లంలో ధాన్యం రాశి మీద కప్పే టార్పాలిన్‌కు సన్నటి, తేలికైన తమ్ముడు. గోదావరి జిల్లాల వాళ్లు బరకం అంటే వెంటనే గుర్తుపడతారు. హ్యామక్ కూడా మనకు తెలిసిన గుడ్డ ఊయలే, పెద్దవాళ్లు పడుకునేంత పొడవుంటుంది. ఆ మాట కరీబియన్ దీవుల టైనో ప్రజల ‘హమాకా’ నుంచి వచ్చింది. 1492లో అక్కడికి చేరిన కొలంబస్ బృందం ఈ ఊయలలను చూసింది. నేల తడిగా ఉన్నా, రాళ్లున్నా, వాలుగా ఉన్నా పట్టింపు లేకుండా పడుకోవచ్చు. అయితే కింది నుంచి వచ్చే తడిని తప్పించుకోవడం ఎంత సులువో, పై నుంచి వచ్చే తడిని తప్పించుకోవడం అంత సులువు కాదు.

దుకాణంలో టార్ప్ కొలత రెండు అంకెల్లో ఉంటుంది: పొడవు, వెడల్పు. ఈ రెండింటినీ నిర్ణయించేవి వేర్వేరు. పొడవు ఎంతో చెప్పేది ఊయల. వెడల్పు ఎంతో చెప్పేది జల్లు. ఆ తేడా తెలియకే నేను తడిశాను.

పొడవు లెక్క తేలిక. పెద్దవాళ్ల హ్యామక్ సాధారణంగా 11 అడుగులు, అంటే సుమారు 3.35 మీటర్లు. దాన్ని బిర్రుగా లాగి కట్టరు, వంపు ఉండేలా వదులుగా కడతారు. ఊయల కొసలను చెట్లకు కట్టే పట్టీలు నేలకు సమాంతర రేఖతో 30 డిగ్రీల కోణం చేసేలా వేలాడదీయడం ఆనవాయితీ. దీనికి కారణం ఉంది. 30 డిగ్రీల దగ్గర, 70 కిలోల మనిషి పడుకుంటే ఒక్కో పట్టీ మీద పడే లాగుడు కూడా 70 కిలోలే. పట్టీని బిగించి 10 డిగ్రీలకు తెస్తే అదే లాగుడు 200 కిలోలకు చేరుతుంది. దండెం తాడు ఎంత బిగిస్తే అంత త్వరగా తెగడం వెనక ఉన్న లెక్క ఇదే. ఆ వంపు వల్ల ఊయల రెండు కొసల మధ్య నేరు దూరం దాని పొడవులో 83 శాతం దగ్గర ఉంటుంది. 3.35 మీటర్లది 2.8 మీటర్ల చోటులో ఒదుగుతుందన్నమాట. కొసల దగ్గర చెరో జానెడుకు తగ్గకుండా కప్పు బయటికి రావాలి. 3 మీటర్ల టార్ప్ అయితే చెరో 10 సెంటీమీటర్లే మిగులుతుంది, చాలదు. 3.35 మీటర్లదైతే 28 సెంటీమీటర్లు, 3.66 మీటర్లదైతే 43. పొడవు గురించి ఇంతకు మించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

వెడల్పు దగ్గరే అసలు కథ. వాన నిట్టనిలువుగా పడితే మన భుజాల వెడల్పు గుడ్డ చాలు. కానీ జల్లు కొడుతుంది. వసారాలో మంచం వేసుకుని పడుకున్న ఎవరికైనా ఇది కొత్త సంగతి కాదు. ఎంత ఏటవాలుగా కొడుతుందన్నదే ప్రశ్న. జవాబు గాలి వేగం మీద ఆధారపడి ఉంటుందని అందరికీ తట్టేదే. చినుకు పరిమాణం మీద కూడా ఆధారపడి ఉంటుందన్నది అంత త్వరగా తట్టదు.

చినుకులను కొలవడానికి అమెరికాలోని వర్మాంట్ రైతు విల్సన్ బెంట్లీ ఒక వంటింటి ఉపాయం కనిపెట్టాడు. మంచు పలుకుల ఫొటోలతో పేరు తెచ్చుకున్నది ఈయనే. పళ్లెంలో మెత్తటి పిండి పరిచి, కాసేపు వానలో పెట్టేవాడు. ఒక్కో చినుకు పడిన చోట ఒక్కో పిండి ఉండ తయారయ్యేది. అవి ఆరాక కొలిస్తే చినుకుల పరిమాణం తెలిసేది. ఆ ఫలితాలను 1904లో ప్రచురించాడు. పరిమాణం తెలిశాక మిగిలింది వేగం. 1949లో రాస్ గన్, గిల్బర్ట్ కింజర్ ప్రచురించిన కొలతలను వాతావరణ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాడుతున్నారు. కదలని గాలిలో 5 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో పడుతుంది. 1 మిల్లీమీటరుది 4 మీటర్ల వేగంతో, అర మిల్లీమీటరు తుంపర బిందువు 2 మీటర్ల వేగంతో దిగుతాయి. చిన్నదాని బరువు దాని మీద పనిచేసే గాలి నిరోధం కంటే వేగంగా తగ్గిపోతుంది కాబట్టి అది నెమ్మదిస్తుంది.

ఇప్పుడు సెకనుకు 5 మీటర్ల గాలి, అంటే గంటకు 18 కిలోమీటర్లది, పక్క నుంచి వీస్తోందనుకుందాం. చినుకు గాలితో పాటు పక్కకు 5 మీటర్లు పోతూ, తన వేగంతో కిందికి దిగుతుంది. 5 మిల్లీమీటర్ల బరువు చినుకు నిలువు నుంచి 29 డిగ్రీలే వాలుతుంది. 1 మిల్లీమీటరుది 51 డిగ్రీలు. తుంపర 68 డిగ్రీలు, అంటే పడుతోందనడం కంటే పక్క నుంచి దూసుకొస్తోందనడం సబబు. ఒకే గాలి, మూడు వాలులు. కుండపోతకు నిలిచిన కప్పు ముసురుకు ఓడిపోవడంలో వింతేమీ లేదు. నా జడివాన నిద్రకూ, తుంపర మెలకువకూ కారణం ఇక్కడే ఉంది.

ఇక కొలతల్లోకి వెళదాం. కప్పు నడికొప్పు నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉంది. ఊయలలో మనిషి అడుగుభాగం కుర్చీ ఎత్తులో, 45 సెంటీమీటర్ల దగ్గర ఉంది. మధ్య గీత నుంచి అటూ ఇటూ 45 సెంటీమీటర్ల మేర పొడిగా ఉంటే చాలు. 2.4 మీటర్ల వెడల్పు టార్ప్‌ను 45 డిగ్రీల వాలుతో కడితే అంచు మధ్య గీతకు 85 సెంటీమీటర్ల దూరంలో, నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 1 మిల్లీమీటరు చినుకులు ఆ అంచు కింద నుంచి లోపలికొచ్చి, మధ్య గీతకు 60 సెంటీమీటర్ల అవతలే ఆగిపోతాయి. తడవం. తుంపర మాత్రం 35 సెంటీమీటర్ల దాకా చొరబడుతుంది. నడుమో మోచేయో తడుస్తుంది.

సరే, 3 మీటర్ల వెడల్పుది కొన్నాం. కాళ్లు చాపుకుని కూర్చోవడానికి, టీ కాచుకోవడానికి బాగుంటుందని పందిరిలా 25 డిగ్రీల వాలుతో పరిచి కట్టాం. అంచు 1.36 మీటర్ల దూరానికి వెళ్లింది గానీ, ఎత్తు కూడా 87 సెంటీమీటర్లకు లేచింది. తుంపర మళ్లీ 32 సెంటీమీటర్ల దాకా వచ్చేసింది! చిన్న టార్ప్‌తో పడిన పాటే. ఆ పెద్ద గుడ్డనే 45 డిగ్రీలకు వంచితే అంచు 44 సెంటీమీటర్లకు దిగి, ఊయల అడుగుతో సమానమవుతుంది. ఇక ఏ వాలు జల్లుకూ దారి లేదు.

అంటే మనల్ని కాపాడేది కప్పు వైశాల్యం కంటే అంచు ఎంత కిందికి దిగిందన్నది. వెడల్పు ఎక్కువుంటే అంచును కిందికి దించగలం, అంతవరకే దాని ఉపయోగం. కోస్తా ఆంధ్రలో చుట్టిళ్లు కట్టినవాళ్లకు ఈ కొలతల పట్టిక అవసరం లేకపోయింది. గడ్డి కప్పును నేలకు దగ్గరగా దించి, మనిషి నడుం వంచి లోపలికి దూరేలా కట్టారు. మట్టి గోడ తడవకూడదు, గాలికి కప్పు లేచిపోకూడదు. రెండు పనులూ ఆ చూరే చేసేది.

నా చదరపు టార్ప్ తప్పు మరో రకం. 2.4 మీటర్ల చదరాన్ని మూలల మీదుగా కడితే కర్ణం 3.4 మీటర్లు వస్తుంది. పొడవు సరిపోయింది కదా అని సంబరపడ్డాను. కానీ అలా కట్టిన గుడ్డ నడుం దగ్గర వెడల్పుగా ఉండి, తలకూ కాళ్లకూ వచ్చేసరికి కొసదేరిపోతుంది. పాదాలుండే చోట ఒక్కో పక్కకు 70 సెంటీమీటర్ల గుడ్డే మిగిలింది. పైగా హ్యామక్‌లో వీపు సమంగా ఉండాలంటే ఐమూలగా పడుకోవాలి. తల ఒక పక్కకు, పాదాలు రెండో పక్కకు జరుగుతాయి. సరిగ్గా కప్పు లేని చోటికే నా పాదాలను నేనే పంపాను. ఈ ఐమూల పడకకు సరిపోయేలా వంకరగా కత్తిరించిన టార్ప్‌లు కూడా దొరుకుతాయి. బరువు తగ్గుతుంది, నిజమే. నిద్రలో అటు తిరిగి పడుకునే నాలాంటి వాళ్లకు అవి నప్పవు.

మరి ఉన్నవాటిలో పెద్దది కొంటే పోదా అంటే, పెద్ద గుడ్డకు పెద్ద గాలి తగులుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే ఒక్కో చదరపు మీటరు మీద సుమారు 6 కిలోల బరువంత తోపుడు ఉంటుంది. 3.6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న టార్ప్‌కు ఒక పక్క 5.4 చదరపు మీటర్లు. అంటే 30 కిలోలకు పైగా తోపుడు, కొన్ని సన్నని తాళ్ల మీద, మెత్తటి మట్టిలో దిగిన మేకుల మీద. గాలి రెట్టింపైతే తోపుడు నాలుగింతలు, 130 కిలోలు. అడవి లోపల గాలి బాగా తగ్గుతుంది కాబట్టి కొండ అంచు నుంచో చెరువు గట్టు నుంచో యాభై అడుగులు లోపలికి జరిగి కట్టుకోవడం, మరో మీటరు గుడ్డ కొనడం కంటే లాభం. మోత బరువు సంగతి సరేసరి. సిలికాన్ పూసిన నైలాన్‌తో ఈ కొలత టార్ప్ అర కిలోకు అటూ ఇటూ తూగుతుంది. చదరపు మీటరుకు 150 గ్రాముల మామూలు ప్లాస్టిక్ టార్పాలిన్ అయితే కిలోన్నర పైమాటే. కారు పక్కనే పడుకునేవాళ్లకు అదే చాలు, ధర కూడా తక్కువ.

కొనేటప్పుడు మరో చిన్న విషయం. అంచులను లోపలికి వంపుగా కత్తిరించిన టార్ప్ గాలికి పటపటమనకుండా బిగువుగా నిలుస్తుంది, కానీ చీటీ మీద రాసిన వెడల్పు మధ్యలో ఉండదు. నైలాన్ తడిస్తే సాగుతుంది. పడుకునే ముందు బిగించిన గుడ్డ అర్ధరాత్రికి వదులై, దించి కట్టిన అంచు ఎగిరిపడుతుంది. పాలిస్టర్‌తో ఆ బెడద తక్కువ.

రెండోసారి వెళ్లినప్పుడు 3.6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్నది తీసుకెళ్లి, చుట్టిల్లులా దించి కట్టాను. రాత్రంతా ముసురే. అంచుల నుంచి ఒక్క చుక్క లోపలికి రాలేదు. అయినా పొద్దుటికి తల కింద తడి. చెట్టు బోదె మీదుగా జారిన నీళ్లు పట్టీ వెంబడి, దారి చూపించినట్టు, నేరుగా ఊయలలోకి వచ్చాయి. బూటు లేసు విప్పి, టార్ప్ నీడలోకి వచ్చిన చోట పట్టీకి ముడి వేసి, కొసను కిందికి వేలాడదీశాను. నీళ్లు లేసు కొసకు చేరి, చుక్కచుక్కగా నేల మీద పడడం మొదలుపెట్టాయి.