సీటు తరువాతి సంగతి: విశ్వవిద్యాలయాల్లో వికలాంగ విద్యార్థుల హక్కుల నేపథ్యం

విశ్వవిద్యాలయంలో చేరిన వికలాంగ విద్యార్థికి ర్యాంపు, లిఫ్టు, బ్రెయిలీ పుస్తకం, పరీక్షలో అదనపు సమయం, ఒంట్లో బాగోలేనప్పుడు హాజరులో వెసులుబాటు హక్కుగా దక్కాలా, లేక అధికారులు దయతలిస్తేనే అందాలా అన్న ప్రశ్న మన దేశంలో చాలా ఆలస్యంగా ముందుకొచ్చింది. అంతవరకూ చర్చంతా సీట్ల చుట్టూనే తిరిగింది.

ఆ సీట్ల కథైనా సాఫీగా సాగలేదు. ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థలు వికలాంగులకు కనీసం 3 శాతం సీట్లు కేటాయించాలని 1995 నాటి వికలాంగుల చట్టంలోని 39వ సెక్షన్ చెప్పింది. విచిత్రమేమిటంటే, ఆ సెక్షన్‌ను విద్యకు సంబంధించిన అధ్యాయంలో కాక ఉద్యోగాల అధ్యాయంలో పెట్టారు. దాంతో అది ప్రవేశాలకు వర్తించదని కేరళ హైకోర్టు భావించగా, 2002లో సుప్రీంకోర్టు ఆ వ్యాఖ్యానాన్ని సరిదిద్దవలసి వచ్చింది. మరోవైపు సీటు దాకా రానివ్వని నిబంధనలూ ఉండేవి. మచిలీపట్నం ప్రాంతానికి చెందిన బొల్లా శ్రీకాంత్‌ను, చూపు లేదన్న కారణంతో, పదో తరగతి తరువాత సైన్సు చదవనివ్వలేదు; ఆయన న్యాయపోరాటం చేసి చదివారు, ఆ తరువాత అమెరికాలోని ఎంఐటీలో చేరారు. ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి కోర్టుకెక్కవలసి రావడమే ఆనాటి వ్యవస్థ తీరును చెబుతుంది.

భారతదేశం 2007లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. దానికి అనుగుణంగా రూపొందిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, ఉన్నత విద్యలో సీట్ల వాటాను 5 శాతం చేసి, వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఇచ్చింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధ వ్యాధులు జాబితాలో చేరడంతో ఆరోగ్యం కూడా విద్యాహక్కులో భాగమైంది. తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల గిరిజన విద్యార్థులకు సికిల్ సెల్ కొత్త మాటేమీ కాదు. అయితే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవలసిన తలసేమియా విద్యార్థికి సీటు ఇచ్చి, 75 శాతం హాజరు లేదని పరీక్ష రాయనివ్వకపోతే ఆ సీటు వల్ల ఒరిగేదేమిటి?

అసలు చిక్కు 40 శాతం దగ్గర మొదలైంది. రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. తెలుగునాట వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల్లో వరుస కట్టిన కుటుంబాలకు ఈ అంకె విలువ బాగా తెలుసు. సీటుకు పెట్టిన ఈ గీతనే పరీక్షలో ఇచ్చే సాయానికీ అధికారులు వర్తింపజేస్తూ వచ్చారు. రాసేటప్పుడు చేతి వేళ్లు పట్టేసే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో, 2021 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు ఈ రెండింటినీ విడదీసింది: 40 శాతం రిజర్వేషన్‌కు కొలమానమే గాని, స్క్రైబ్‌ను (అభ్యర్థి చెబుతుంటే జవాబులు రాసిపెట్టే సహాయకుణ్ని) పొందడానికి షరతు కాదు. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన తీర్పు ఇదేనని నా అభిప్రాయం. 40 శాతం కన్నా తక్కువ వైకల్యం ఉన్నవారికీ స్క్రైబ్, అదనపు సమయం ఇచ్చే మార్గదర్శకాలు 2022 ఆగస్టులో వచ్చాయి.

భవనాల సంగతి ఇంతకన్నా నెమ్మది. ఉన్నత విద్యాసంస్థల్లో సౌలభ్య ప్రమాణాలను (వికలాంగులు ఇబ్బంది లేకుండా వాడుకునేలా ఏర్పాట్లు ఎలా ఉండాలో చెప్పేవి) విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022లో ప్రకటించింది. విద్యాసంస్థలకే పరిమితం కాకుండా, దేశంలో వికలాంగులకు సౌలభ్యం ఎలా అమలవుతోందో పరిశీలించమని సుప్రీంకోర్టు హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ కేంద్రం నివేదిక అందాక, 2024 నవంబరులో సుప్రీంకోర్టు, చట్టం తప్పనిసరి చేసినదాన్ని కేంద్ర ప్రభుత్వం తన నిబంధనల్లో కేవలం సిఫార్సుగా మార్చేసిందని తేల్చి, మూడు నెలల్లో కచ్చితమైన ప్రమాణాలు రూపొందించాలని ఆదేశించింది. వైద్యవిద్యలో చేరాలంటే రెండు చేతులూ సక్రమంగా ఉండాలన్న నియమాన్ని మరుసటి ఫిబ్రవరిలో తప్పుపట్టింది.

మానసిక అనారోగ్యం 1995 జాబితాలోనే ఉన్నా, కళాశాలల్లో దానికి తగిన సాయం ఏర్పడలేదు. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో, 2025 జులైలో, నూరుగురు లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని సుప్రీంకోర్టు నిర్దేశించింది. తగిన చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలే అమలులో ఉంటాయి.